తాళాలాయన మాట్లాడిన వారం

మెట్ల కింద అతని షాపు.

నాలుగంతస్తుల మేడ. పదకొండు ఇళ్ళు. అందరికీ ఒకటే మెట్ల దారి. ఆ మెట్లు పైకి ఎక్కిపోతూ కింద వదిలేసిన జాగాలో ఒక బల్ల, సామాను కదలకుండా పట్టుకోవడానికి బల్లకు బిగించిన వైసు, గోడ నిండా మేకులు, మేకుల నిండా ఇంకా గాట్లు పడని ఖాళీ తాళంచెవులు. ఇద్దరు నిలబడితే మూడోవాడు వీధిలోనే ఆగాలి. అక్కడ కూర్చుని అతను ఇరవై రెండేళ్ళుగా తాళాలు బాగుచేస్తున్నాడు. పోయిన తాళంచెవులకు బదులు కొత్తవి చేస్తున్నాడు.

వీధిలో అతన్ని మూడుముక్కలాయన అంటారు. ఎవరొచ్చినా మూడే ముక్కలు మాట్లాడతాడు. తాళంచెవి చేతిలో పెట్టగానే "ఎన్ని?" అంటాడు. తర్వాత "కూర్చోండి" అంటాడు. పని అయ్యాక "తిప్పి చూసుకోండి" అంటాడు. నాలుగో ముక్క విన్నామని చెప్పుకునేవాళ్ళు ఒకరిద్దరున్నారు గానీ, సాక్ష్యం లేదు.

అది గర్వం కాదు, బిడియం కూడా కాదు. ఆరుగురు పిల్లల్లో అతను నాలుగోవాడు. ఇంట్లో ఏ సంగతి వచ్చినా అతని వంతు వచ్చేసరికి అయిపోయేది. మాట పెదవి దాకా వచ్చి, అక్కర్లేదని తెలుసుకుని, వెనక్కి వెళ్ళిపోయేది. అలా వెళ్ళడం దానికి అలవాటైంది. పదహారో ఏట మేనమామ దగ్గర తాళాల పనిలో చేరాక ఆ అలవాటుకు ఒక కూలి దొరికింది. ఇత్తడి మీద ఆకురాయి నడుస్తున్నప్పుడు ఒక శబ్దం వస్తుంది. గాటు చాలినంత లోతుకు దిగగానే ఆ శబ్దం కొంచెం మారుతుంది. వెంట్రుకవాసి తేడా. అది వినబడినవాడు చేసిన తాళంచెవి మొదటిసారికే తిరుగుతుంది. వినబడనివాడు ముగ్గురు మనుషులను మూడుసార్లు తిప్పుతాడు. మేనమామకు అది సగమే వినబడేది, ఎందుకంటే మిగతా సగంలో ఆయన మాట్లాడుతుండేవాడు.

అయినా మేనమామ ఒక మంచి పద్ధతి నేర్పి పోయాడు. తాళంచెవి ఎవరిదో రాసుకోకూడదు. పేరు రాయకూడదు, ఇంటి నంబరు రాయకూడదు. రంగు దారం ఒకటి తీసి రెండు ముక్కలు చేసి, ఒకటి చెవికి కట్టాలి, ఒకటి మనిషి చేతికివ్వాలి. దారానికి దారం కలిస్తే చెవి ఇచ్చేయాలి. "తాళంచెవి మీద ఇంటి నంబరు రాయడమంటే తలుపు తీసిపెట్టి ఊరెళ్ళడమేరా" అనేవాడాయన. ఆ ఒక్క మాట అతనికి బాగా నచ్చింది. అందువల్ల అతనికి వీధిలో ఎవరి పేరూ సరిగ్గా తెలియదు. ఎవరి తాళం ఎలాంటిదో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

ఒక సోమవారం పొద్దున పైఅంతస్తు అమ్మగారు కిందికి దిగింది. మేడ ఆవిడదే. మోకాళ్ళ నొప్పులు. నెలకొకసారి దిగుతుంది. దిగడానికి అరగంట, ఎక్కడానికి గంట, మధ్యలో మెట్లను తిట్టడానికి ఇంకో అరగంట.

"లిఫ్టు పెట్టిస్తున్నానయ్యా," అంది ఆయాసపడుతూ. "మెట్లు అటు జరుపుతారట. నీ జాగా అందులో పోతుంది."

అతను తలూపాడు.

"ముందు గది ఖాళీగానే ఉంది. నువ్వూ అడగొచ్చు. బయట ఫోను కవర్లమ్మే అబ్బాయి ముందే అడిగాడు. ఈ ఆదివారం ఇద్దరూ పైకి రండి, చెప్తాను." ఆవిడ అతని మొహం చూసింది. అందులో ఏమీ మారలేదు. "ముందు గదంటే మేడకి మొహమయ్యా. మొహం నవ్వుతూ కళకళలాడుతూ ఉండాలి. నువ్వు చూస్తే గుడ్లగూబలా కూర్చుంటావు. నిన్నక్కడ పెడితే ఈ మేడకి పక్షవాతం వచ్చిందనుకుంటారు జనం."

అతను మళ్ళీ తలూపాడు.

"ఇదిగో, ఇదే నేననేది!" అని ఆవిడ కమ్మీ పట్టుకుని పైకి తిరిగింది.

ఆవిడ వెళ్ళాక అతను ఆకురాయి తీశాడు, కింద పెట్టాడు. ఆ వీధి దాటితే అతనికి వ్యాపారం లేదు. చెప్పులు ఎక్కడైనా కుట్టించుకుంటారు, జుట్టు ఎక్కడైనా కత్తిరించుకుంటారు. ఇంటి తాళంచెవి మాత్రం ఎరిగినవాడి చేతిలోనే పెడతారు. ఈ వీధి అతన్ని ఎరగడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. ఇంకో వీధికి పెట్టడానికి అతని దగ్గర ఇంకో ఇరవై రెండేళ్ళు లేవు.

పోటీకి వచ్చిన కవర్లతను చెడ్డవాడేం కాదు. మేడ గుమ్మం ముందు బండి మీద ఫోను కవర్లు అమ్ముతాడు. అతని నోట్లో మాటకు కునుకు లేదు. "అక్కా, మీ ఫోను చలికి వణుకుతోంది, ఒక చొక్కా తొడిగించండి" అంటాడు. "మావయ్యా, ఈ గీతలేంటి, పిల్లితో గానీ మాట్లాడించారా?" అంటాడు. కవరు అక్కర్లేనివాళ్ళు కూడా రెండు కొనుక్కుని నవ్వుకుంటూ వెళ్తారు. మెట్ల కింద నుంచి అతను రోజూ వినేవాడు. వానలా ఉండేది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర సంగతి బయటపడింది. అది కూడా అతను చెప్పలేదు. కవర్లతను చెప్పగా బావమరిదికి తెలిసి, బావమరిది వాళ్ళక్కకు చెప్పాడు.

అతని భార్య పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. చీటీలు రాయడం, పిలవడం, కూర్చోబెట్టడం. అక్కడికొచ్చేవాళ్ళు నోరు తెరుచుకుని ఉంటారు గానీ మాట్లాడలేరు. వాళ్ళ వంతు కూడా ఆమే మాట్లాడుతుంది. డాక్టరుగారు ఆమెకు సెలవివ్వడానికి భయపడతాడు.

"షాపు పోతుందంటే నాకొక్క ముక్క చెప్పరా?" అంది.

"పోలేదుగా."

"విన్నావురా తమ్ముడూ, పోయాక చెప్తారట!"

బావమరిది ఇంటింటికీ తిరిగి నీళ్ళ ఫిల్టర్లు అమ్ముతాడు. చిన్న వ్యాపారులకు మూడు రోజుల శిక్షణ అని ఎక్కడో పెడితే వెళ్ళొచ్చాడు. అప్పట్నుంచి చేతిలో ఒక పసుపుపచ్చ పుస్తకం.

"నలభై ప్రశ్నలు బావా. అవును అంటే ఒక మార్కు. మన స్వభావమేమిటో, దాన్నిబట్టి మన వ్యాపారం ఎక్కడిదాకా వెళ్తుందో తేలిపోతుంది."

"జాతకమా?" అంది అక్క.

"జాతకం కాదక్కా, సైన్సు. చెప్పు బావా. 'కొత్తవాళ్ళతో మాట కలపడం నాకు సరదా.'"

"కాదు."

"'నలుగురిలో ఉంటే నాకు హుషారుగా ఉంటుంది.'"

"కాదు."

"'నా గురించి నేను గొప్పగా చెప్పుకోగలను.'"

అతను కాసేపు ఆలోచించాడు. "ఏం చెప్పాలి?"

"కాదు అని రాస్తున్నా. 'చేస్తానన్న రోజుకి పని చేసిస్తాను.'"

"అవును."

"'మొదలుపెట్టిన పని పూర్తయ్యేదాకా ఇంకోటి ముట్టను.'"

"అవును."

"ఇలాంటివి మధ్యమధ్యలో ఊరికే పెడతారు బావా, అందరికీ ఒకటో రెండో రావాలని."

నలభైకి తొమ్మిది వచ్చాయి. బావమరిది పేజీ తిప్పి, గొంతు సవరించుకుని చదివాడు. "'తొమ్మిది నుంచి పద్నాలుగు. మీరు వ్యాపారంలోకి దిగే ముందు మరొక్కసారి ఆలోచించుకోవడం మంచిది.'"

"ఇరవై రెండేళ్ళయింది," అన్నాడు అతను.

"అదే మరి, ఎంత నష్టపోయావో చూడు!"

భార్య తన మార్కులు కూడా వేయించుకుంది. ముప్ఫై ఎనిమిది. "నువ్వు ఫ్యాక్టరీ పెట్టొచ్చక్కా," అన్నాడు తమ్ముడు. "చూశారా, ఆ డాక్టరు ఇన్నాళ్ళూ నన్ను పళ్ళ దగ్గర కట్టేశాడు" అని ఆమె ఇంకోసారి వడ్డించింది.

అన్నం తిన్నాక బావమరిది అసలు సంగతికి వచ్చాడు. "స్వభావం రాయి కాదు బావా, చెక్కుకోవచ్చు. వచ్చినవాణ్ణి ఊరికే పంపకూడదు. వాళ్ళ గురించి అడగాలి. మనిషికి తన గురించి అడిగేవాడంటే ప్రాణం. ఇల్లెక్కడ అనడుగు. ఇంట్లో ఎవరెవరుంటారు అనడుగు. ఉద్యోగమా, ఎన్నింటికి వస్తారు అనడుగు. సెలవుల్లో ఊరెళ్తున్నారా అనడుగు. నాలుగు రోజుల్లో నువ్వు వాళ్ళింట్లో మనిషివైపోతావు. నేను ఫిల్టర్లు అలాగే అమ్ముతాను."

అతను ఆ ప్రశ్నలను ఇసక కాగితం వెనక వరసగా రాసుకున్నాడు. అక్షరాలు గుండ్రంగా, సమంగా ఉన్నాయి. పొద్దున్నే తీసుకెళ్ళి వైసు పైన మేకుకు గుచ్చాడు. అతను ఏది పట్టుకున్నా నిదానంగా, చివరిదాకా చేస్తాడు. మాట్లాడటం కూడా అలాగే మొదలుపెట్టాడు.

మొదట వచ్చినావిడ మూడో అంతస్తు టీచరు. ఇంటి తాళంచెవికి ఇంకోటి కావాలంది. ఏడు గాట్లు, మూడోది లోతు. అతను చెవిని వైసులో బిగించి, కాగితం వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఇల్లెక్కడండీ?"

ఆవిడ ఉలిక్కిపడింది. అతని గొంతు ఇలా ఉంటుందని ఆవిడకు తెలియదు. "పైనే కదండీ. మూడో అంతస్తు."

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనూ... మా పాప."

"ఎన్నింటికి వస్తారు?"

"అంటే?"

"పగలు ఎవరూ ఉండరా?"

టీచరు చెయ్యి చాచింది. "ఆ చెవి ఇటివ్వండి. ఇప్పుడు గుర్తొచ్చింది, నాకు ఇంకోటి ఇంట్లోనే ఉంది."

తొందర పని పడిందేమో అనుకున్నాడు అతను.

తర్వాత ఒక ముసలాయన చిన్న పెట్టె తాళం తెచ్చాడు. "ఊరెళ్తున్నారా?" అని అడిగాడు అతను. మొహాన నవ్వు కూడా పెట్టాడు. బావమరిది నవ్వమన్నాడు. అలవాటు లేని నవ్వు కావడంతో పళ్ళన్నీ ఒకేసారి బయటికొచ్చాయి. "లేదు, లేదు. ఇప్పుడే ఊర్నుంచి వస్తున్నా. ఇంక ఎక్కడికీ వెళ్ళను" అని ఆయన పెట్టెను ఒళ్ళోకి లాక్కున్నాడు.

మందుల షాపాయన షట్టరు తాళం తెచ్చాడు. "షాపు కట్టాక లోపలెవరైనా పడుకుంటారా?" అన్న ప్రశ్న అతను సొంతంగా కల్పించుకున్నదే. కాగితంలో లేనిది ఒకటి తోచినందుకు లోపల్లోపల సంతోషించాడు. మందుల షాపాయన మాత్రం సంతోషించలేదు. అతని వైపు చాలాసేపు చూసి, "ఇద్దరు. ఇద్దరూ పహిల్వాన్లు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

బుధవారం అతను ఒక చెవి పాడుచేశాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిది. ప్రశ్న అడుగుతూ ఆకురాయి తోశాడు, శబ్దం మారడం వినబడలేదు. గాటు కిందికి దిగిపోయింది. ఆ ఇత్తడి ముక్కను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. సిగ్గేసింది. మనుషులెవరూ చూడకపోయినా సిగ్గేసింది. అయినా పట్టిన పని వదలడం తెలియదు. మిగతా వారమంతా అడుగుతూనే ఉన్నాడు.

శుక్రవారానికి అడగడానికి మనిషి లేడు.

కవర్లతను బండి దగ్గర నుంచి తొంగిచూశాడు. "ఏంటన్నా, ఇవాళ తాళాలకి సెలవా?"

"ఏమో."

"ఈ వీధిలో అందరూ ఒక్కసారే తాళంచెవులు జాగ్రత్తగా పెట్టుకోవడం నేర్చుకున్నట్టున్నారు," అని కవర్లతను నవ్వి, అతను నవ్వకపోవడం చూసి, ఒక టీ తెప్పించాడు.

శనివారం మధ్యాహ్నం భార్య వచ్చింది. క్లినిక్కులో రోగులను వదిలేసి, చేతిలో చీటీల కట్టతోనే వచ్చింది. ఆయాసపడుతోంది. ఏడుస్తోందో నవ్వుతోందో మొదట తెలియలేదు.

"మీరు జనాన్ని ఏం అడుగుతున్నారు?"

అతను గోడ మీది కాగితం చూపించాడు.

ఆమె చదివింది. రెండోసారి చదివింది. చీటీల కట్ట బల్ల మీద పడేసి మెట్టు మీద కూలబడింది. "ఇప్పుడే ఒకాయనకి పన్ను పీకారు. సగం నోరు మొద్దుబారిపోయి ఉంది. అలాంటాయన నన్ను పిలిచి, దూది తీసి మరీ చెప్పాడు. 'అమ్మా, నువ్వా వీవిలో ఉంతావు హదా, మెత్ల హింద హాళాలాయనతో దాగ్రత్త, ఇంత్లో ఎవలుంతారని అదుగుతున్నాదు' అని! ఆ తాళాలాయన మా ఆయనే అని నేనెలా చెప్పను? దూది మళ్ళీ పెట్టి వచ్చేశాను."

"తప్పా?" అన్నాడు అతను.

"తప్పా అంటారేమిటండీ! ఇల్లెక్కడ, ఎవరుంటారు, ఎప్పుడుండరు, ఊరెప్పుడెళ్తారు. ఇవి దొంగ అడిగే ప్రశ్నలు! పైగా వాళ్ళ తాళంచెవి చేతిలో పట్టుకుని అడుగుతున్నారు!"

అతను కాగితం వైపు చూశాడు. ఒక్కొక్క ప్రశ్నా చదువుకున్నాడు. మొహం మెల్లగా ఎర్రబడింది.

"మరి కవర్లాయన అడుగుతాడు కదా. మీ తమ్ముడూ అడుగుతాడు."

"వాళ్ళు ఫోనుకి చొక్కాలు, నీళ్ళకి ఫిల్టర్లు అమ్ముతారు. మీరు ఇంటి గుమ్మం చేతిలో పెట్టుకుంటారు." ఆమెకు నవ్వు ఆగలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మెట్లు ఎక్కుతున్న ఒకాయన ఆగి చూసి గోడవారగా ఎక్కిపోయాడు. "ఇన్నేళ్ళూ మీరు ఒక్క మాట అడగలేదు కాబట్టే జనం మీకు తాళంచెవులు ఇచ్చి బజారుకెళ్ళి వచ్చేవాళ్ళు. మావాడు వచ్చి దాన్ని బాగుచేశాడు. వాడికి పసుపుపచ్చ పుస్తకంతోనే రెండు తగిలిస్తాను."

అతను కాగితాన్ని మేకు నుంచి తీశాడు. నాలుగు మడతలు పెట్టాడు. "రేపు ఆదివారం," అన్నాడు.

అప్పుడు ఆమె నవ్వు ఆగింది. రేపే ముందు గది తేలేది.

"నేను వస్తాను. నేను మాట్లాడతాను. మీరు పక్కన నిలబడితే చాలు."

"వద్దు."

"ముప్ఫై ఎనిమిది మార్కులండీ నావి!"

"నేనడిగాను. నేనే చెప్తాను."

ఆదివారం పొద్దున పది గంటలకు అతను మెట్లెక్కాడు. ఉతికిన చొక్కా. ఎక్కుతూ ఒక్కో తలుపునూ చూస్తూ వెళ్ళాడు. ప్రతి తలుపుకూ అతను చేసిన చెవి ఒకటైనా ఉంది. ఒకప్పుడు అది అతనికి వెచ్చగా ఉండేది. ఇవాళ ఆ తలుపులు అతన్ని చూసి కొంచెం గట్టిగా మూసుకున్నట్టు అనిపించింది. వెనక నాలుగు మెట్ల కింద భార్య, ఇంకో నాలుగు మెట్ల కింద బావమరిది. రావద్దన్నాడు గానీ, వాళ్ళు చెప్పకుండానే వెనకే వచ్చేశారు.

పైఅంతస్తు గదిలో అమ్మగారు పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. కవర్లతను అప్పటికే వచ్చి, ఆవిడ ఫోనుకు ఒక పూల కవరు తొడిగి, పెద్ద అక్షరాలు కనబడేలా కూడా చేసి పెట్టాడు. ఆవిడ మురిసిపోతోంది. అతన్ని చూడగానే మురిపెం కాస్త తగ్గించుకుంది.

"ఏమయ్యా, నా అద్దెవాళ్ళు ముగ్గురు పైకొచ్చి చెప్పారు. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగావటగా?"

"అడిగానండి."

"ఎందుకు?"

"కళకళలాడాలని."

ఆవిడకు అర్థం కాలేదు. "ఎవరు చెప్పారు నీకలా అడగమని?"

తలుపవతల బావమరిదికి దగ్గు తెర ఒకటి వచ్చి, ఎవరో వీపు మీద చరిచిన శబ్దంతో ఆగిపోయింది.

"సరే. అడిగావు. వాళ్ళేం చెప్పారు?"

అతను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. నిజంగానే ప్రయత్నించాడు. నుదురు ముడిపడింది. ప్రశ్నలన్నీ వరసగా గుర్తున్నాయి. జవాబుల చోట ఆకురాయి శబ్దం తప్ప ఏమీ లేదు.

"వినలేదండి," అన్నాడు.

"వినలేదా?"

"పనిలో ఉన్నానండి. అడగడం వరకే అడిగాను."

అమ్మగారు ఆశ్చర్యపోయింది. "మూడో అంతస్తు టీచరుంది కదా. ఆవిడ ఇంట్లో ఎవరుంటారు?"

"తెలియదండి. ఏడు గాట్లు, మూడోది లోతు."

"రెండో అంతస్తు ఇంజనీరు?"

"రెండు తాళాలండి. కిందిది కొంచెం పట్టేస్తుంది. ఆయన ఎలా ఉంటాడో... గళ్ళ చొక్కానా?"

కవర్లతను ఉండబట్టలేకపోయాడు. అన్న మునిగిపోతున్నాడు, చెయ్యి అందిద్దామనే అతని ఉద్దేశం. "ఆయన గళ్ళ చొక్కా కాదన్నా, కళ్ళజోడు! శనివారాలు ఉండడు, వాళ్ళమ్మ దగ్గరికెళ్తాడు, ఆదివారం సాయంత్రం బస్సుకి దిగుతాడు. టీచరుగారి అత్తగారు పదో తారీఖున వస్తున్నారు, అప్పటిదాకా పగలంతా ఇల్లు తాళమే. నాలుగో అంతస్తు వెనకింటి వాళ్ళు రేపే పెళ్ళికెళ్తున్నారు, అయిదు రోజులు రారు. అమ్మగారూ, మీరు మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటిదాకా నిద్రపోతారు, గడియ వెయ్యరు. నేను అందరితో అంత కలివిడిగా ఉంటానండీ!"

కింద వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టారు.

"గడియ వెయ్యనని నీకెవరు చెప్పారు?" అంది ఆవిడ మెల్లగా.

"మీరే కదండీ. కవరు తొడిగేటప్పుడు."

ఆవిడ కాళ్ళు పీట మీద నుంచి దించింది. కవర్లతన్ని చూసింది. తాళాలాయనను చూసింది. ముందు ఆవిడ భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, తర్వాత నవ్వు బయటికొచ్చింది. మోకాళ్ళు పట్టుకుని నవ్వింది. కవర్లతనికి తను ఏం చేశాడో అప్పుడు తెలిసింది. నాలుక కరుచుకున్నాడు.

"నువ్వు బంగారంలాంటి పిల్లాడివిరా అబ్బాయ్," అంది ఆవిడ, నవ్వు మధ్యలో. "నీ నోట్లో దాచుకునే బుద్ధి లేదు, నీ మనసులో దోచుకునే బుద్ధి లేదు. కానీ ఆ ముందు గదిలో కూర్చున్నవాడికి ఈ మేడ రాకపోకలన్నీ కనబడతాయి. అక్కడ నిన్ను పెడితే పొద్దున నేను తుమ్మితే మధ్యాహ్నానికి వీధి చివర మందిస్తారు." తాళాలాయన వైపు తిరిగింది. "ఇరవై రెండేళ్ళు మా గుమ్మం కింద కూర్చుని ఏమీ తెలుసుకోలేదంటే, ఏమయ్యా, అది కూడా ఒక తెలివే. కళకళ సంగతి వదిలేయ్. మేడకి మొహం ఒక్కటే చాలదు, నిద్ర కూడా పట్టాలి. గది నువ్వు తీసుకో."

తలుపవతల ఎవరో ఎవరినో గట్టిగా పట్టుకున్నారు.

అతను కవర్లతని వైపు చూశాడు. ఏదో అనాలని ఉంది.

"అయ్యో, ఊరుకో అన్నా," అన్నాడు కవర్లతను, తనే ముందు తేరుకుని. "గదిలో కూర్చుంటే నాకెవరు కనబడతారు? గోడలకి కవర్లు తొడగాలా? అమ్మగారూ, గుమ్మం పక్క అరుగు మీద ఒక గొడుగు వేసుకోనిస్తారా, ఎండకి నా పసుపు కవర్లు తెల్లబడిపోతున్నాయి?"

"వేసుకో. ఒక్క షరతు. నా గడియ సంగతి మర్చిపో."

"ఏ గడియండీ?" అన్నాడు కవర్లతను.

తాళాలాయనకు కూడా ఆవిడ ఒక షరతు పెట్టింది. భయపడిపోయిన ఇళ్ళకు అతనే వెళ్ళి చెప్పుకోవాలి. ఏం చెప్పుకుంటాడో అతని ఇష్టం. భార్య తలుపు దగ్గర ఎదురొచ్చి, "నేను కూడా..." అని మొదలుపెట్టింది. అతను ఆమె చేతిని ఒకసారి పట్టుకుని వదిలి, మెట్లు దిగాడు.

మూడో అంతస్తు. తలుపు కొట్టాడు. గొలుసు వేసి ఉన్న తలుపు నాలుగు వేళ్ళ సందు తెరుచుకుంది. సందులో టీచరు కన్ను.

అతను మాటలను ఒక్కొక్కటిగా బయటికి తెచ్చాడు. "మంగళవారం మీ పని సగంలో ఆగిందండి. నా వల్లే. ఆ ప్రశ్నలు ఎవరో నేర్పితే అడిగాను, ఎందుకు అడగకూడదో తెలియలేదు. జవాబులు వినలేదు. చెవి ఇస్తే సాయంత్రానికి పూర్తి చేస్తాను. ఏమీ అడగను."

అంత పొడుగు మాట అతను ఎన్నడూ అనలేదు. అన్నాక గోడ పట్టుకున్నాడు.

కన్ను కాసేపు అతన్ని చూసింది. తలుపు మూసుకుంది. అయిపోయింది అనుకున్నాడు. లోపల గొలుసు జారిన శబ్దం. తలుపు పూర్తిగా తెరుచుకుంది. టీచరు చేతిలో తాళంచెవి, మొహంలో నవ్వు ఆపుకుంటున్న గీతలు.

"ఇస్తాను గానీ, ముందు మీరు చెప్పండి. మీ ఇల్లెక్కడండీ?"

అతను తెల్లబోయాడు. "వెనక వీధిలోనండి. నీళ్ళ ట్యాంకు పక్కన ఆకుపచ్చ తలుపు."

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనూ, మా ఆవిడండి. బావమరిది భోజనానికి వస్తాడు. ఒక్కోసారి వెళ్ళడు."

"పగలు ఎవరూ ఉండరా?"

"ఉండరండి. తాళం వేసి వెళ్తాం."

"తాళం మంచిదేనా?"

అతను తల వంచుకున్నాడు. "కాదండి. ఎవరు కొంచెం గట్టిగా తోసినా వచ్చేస్తుంది. బాగుచేద్దాం, బాగుచేద్దాం అని మా ఆవిడకి చెప్తూనే ఉన్నాను. పెళ్ళయినప్పట్నుంచి."

టీచరు ఇక ఆపుకోలేకపోయింది. లోపల నుంచి పాప పరిగెత్తుకొచ్చి, ఎందుకో తెలియకుండానే తనూ నవ్వింది. అతనికీ నవ్వొచ్చింది. ఈసారి పళ్ళన్నీ ఒకేసారి రాలేదు. అడిగితే చెప్పడం ఇంత బాగుంటుందని అతనికి తెలియదు. నిలబడి ఇంకా చెప్పాడు. ఆకుపచ్చ రంగు తనే వేశానన్నాడు. చలికాలంలో తలుపు బిగుస్తుందన్నాడు. భార్య పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుందని, పన్ను నొప్పొస్తే రమ్మని కూడా అన్నాడు.

పై మెట్టు మీద నుంచి భార్య కేకేసింది. "ఏవండీ! ఇంకా ఎంతసేపు? అక్కడేం చేస్తున్నారు?"

"ఉండవే," అన్నాడు అతను. "మాట్లాడుతున్నాను."